ఏ స్పీడు రీలు వెయ్యాలి? గంజాం తీరం నుంచి కోరాపుట్ కొండల దాకా ఫిల్మ్ కెమెరా పట్టేవాళ్ళకు సమగ్ర మార్గదర్శి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్ళలో పాత ఫిల్మ్ కెమెరాలు మళ్ళీ అటక దిగుతున్నాయి. నాన్నగారి యాషికానో, మేనమామ పెంటాక్సో చేతికి రాగానే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న: ఏ రీలు వెయ్యాలి? "నాలుగొందలు వేసెయ్, అన్నిటికీ పనికొస్తుంది" అనేది ఎక్కువమంది చెప్పే జవాబు. అది సగం మాత్రమే నిజం. వానాకాలంలో కోరాపుట్ కొండల్లో అది సరైన సలహాయే. అదే సలహా పట్టుకుని ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం గోపాల్‌పూర్ ఇసుకలో నిలబడితే కెమెరా ముందరికాళ్ళకు బంధం పడుతుంది. డిజిటల్లో ఫోటో ఫోటోకీ స్పీడు మార్చుకోవచ్చు. ఇక్కడ ఒకసారి రీలు ఎక్కించాక 36 ఫోటోలకూ అదే స్పీడు. అందుకే కంపెనీ పేరు చూసి కొనకండి. వెళ్ళబోయే చోట వెలుతురు ఎంతో, మీ లెన్సు ఎంత తెరుచుకుంటుందో చూసి కొనండి. ఆ లెక్క ఎలా వెయ్యాలో ఒక్కో మెట్టుగా చెబుతాను.

డబ్బా మీది అంకె

డబ్బా మీద కనిపించే 100, 200, 400 అనేవి ఐఎస్ఓ అంకెలు. రీలు స్పీడు అంటే ఇదే, ఫిల్ము వెలుతురుకు ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే కొలత. పాత కెమెరాల మీద ఇదే ఏఎస్ఏ అని ఉంటుంది, అంకె మాత్రం ఒకటే. కొన్ని జర్మన్ కెమెరాల మీద 21, 24, 27 అని డిన్ అంకెలుంటాయి. 100కి 21, 200కి 24, 400కి 27. అంకె రెట్టింపయితే ఫిల్ముకు కావలసిన వెలుతురు సగానికి తగ్గుతుంది. ఈ రెట్టింపునో సగాన్నో ఒక స్టాప్ అంటారు. 100 నుంచి 400కి రెండు స్టాపులు, 1600కి నాలుగు.

స్పీడు ఎక్కువైతే గ్రెయిన్, అంటే ఫోటోలో కనిపించే గరుకు చుక్కలు, ఎందుకు ఎక్కువ? ఫిల్ము పూతలో సిల్వర్ హాలైడ్ స్ఫటికాలుంటాయి. స్ఫటికం పెద్దదైతే దాని మీద పడే వెలుతురూ ఎక్కువే, కాబట్టి తక్కువ వెలుతురులోనూ అది స్పందిస్తుంది. ఫోటోలో మచ్చగా కనిపించడంలోనూ పెద్దదే. స్పీడుకూ నునుపుకూ మధ్య బేరం ఇదే, దీన్ని పూర్తిగా తప్పించుకున్న కంపెనీ లేదు.

మొదటి మెట్టు: చేతిలో ఉన్న కెమెరా

రీలు కొనేముందు మూడు సంగతులు చూడండి. షట్టరు అత్యధిక వేగం ఎంత? లెన్సు ఎంతవరకు తెరుచుకుంటుంది (ఆ రంధ్రమే ఎపర్చరు, దాని ఎఫ్ అంకె చిన్నదైన కొద్దీ రంధ్రం పెద్దది)? ఎక్స్‌పోజర్, అంటే ఫిల్ము మీద పడే వెలుతురు, మీ చేతిలో ఉందా, లేక కెమెరా బిగించేసిందా?

పెంటాక్స్ కె1000లో షట్టరు 1/1000 సెకను దగ్గర ఆగిపోతుంది. నికాన్ ఎఫ్ఎం10లో, యాషికా ఎఫ్ఎక్స్-3 సూపర్ 2000లో 1/2000 దాకా, నికాన్ ఎఫ్ఎం2లో 1/4000 దాకా పోతుంది. ఎండలో పని చేసేటప్పుడు ఈ తేడా చాలా పెద్దది.

ఫోకస్, షట్టరు, ఎపర్చరు అన్నీ బిగించేసిన చవక కెమెరాల సంగతి వేరు. వాటిలో చాలావాటికి అటూ ఇటూగా ఎఫ్/8, 1/125 దగ్గర స్థిరంగా ఉంటుంది. అంటే ఎక్స్‌పోజర్ మార్చడానికి మీ చేతిలో ఉన్నది రీలు ఒక్కటే. లెక్క చూడండి: ఎఫ్/8, 1/125 దగ్గర 100 రీలుకు పల్చటి మబ్బు వెలుతురు సరిగ్గా సరిపోతుంది, మంచి ఎండలో రెండు స్టాపులు ఎక్కువ పడుతుంది. కలర్ నెగటివ్ (మామూలు రంగు రీలు) దాన్ని తేలిగ్గా భరిస్తుంది. 200 వేస్తే దట్టమైన మబ్బులోనూ, ఆరుబయటి నీడలోనూ సరిపోతుంది, ఎండలో మూడు స్టాపులు ఎక్కువవుతుంది. అప్పుడు నెగటివ్ మరీ దట్టంగా వచ్చినా స్కాన్ అవుతుంది. అలాంటి కెమెరాకు ఏడాది పొడవునా 200, వానల్లో 400 వెయ్యండి. ఆ కెమెరాతో స్లైడ్ ఫిల్ము (నెగటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చే రీలు) జోలికి మాత్రం పోవద్దు.

తాతల కాలం నాటి అగ్ఫా క్లిక్ 3 బయటపడితే దానికి 35 ఎంఎం రీలు పట్టదు, 120 రీలు కావాలి (ఈ 120 సైజు పేరు, స్పీడు కాదు). దాని షట్టరు నిదానం, కాబట్టి స్పీడు 100 చాలు. వెనుక ఉన్న ఎర్ర కిటికీ మీద నల్ల టేపు అంటించి, రీలు తిప్పేటప్పుడు మాత్రమే నీడలో తీసి చూడండి.

రెండో మెట్టు: అన్నిటికంటే చీకటి ఫోటో ఏది?

ఈ మొత్తం వ్యవహారంలో గుండెకాయ ఇదే. రోజంతా ఏమేం తీస్తారో మనసులో వేసుకోండి. వాటిలో అన్నిటికంటే తక్కువ వెలుతురులో ఉండే, వదులుకోలేని ఫోటో ఏదో పట్టుకోండి. రీలు స్పీడును ఆ ఫోటోయే తేల్చాలి. వదులుకోగలిగే ఫోటో కోసం మాత్రం స్పీడు పెంచకండి.

వెలుతురు లెక్కకు ఆధారం ఎండ. నీడలు గీత గీసినట్టు పడే ఎండలో ఎఫ్/16 పెట్టి, షట్టరును ఐఎస్ఓ అంకెకు దగ్గరగా ఉంచితే ఎక్స్‌పోజర్ కుదురుతుంది. 100 రీలుకు 1/125, 400 రీలుకు 1/500. వెలుతురు కొలిచే మీటరు చచ్చిపోయిన కెమెరాకు కూడా ఈ సూత్రం పనిచేస్తుంది. అక్కడి నుంచి కిందికి దిగండి: నీడల అంచులు మెత్తబడితే ఎఫ్/11, నీడలు కనీకనిపించకుండా ఉంటే ఎఫ్/8, ముసురు పట్టిన ఆకాశం కిందా అరుగు మీది నీడలోనూ ఎఫ్/5.6. ఇసుక తీరంలోనూ, గంజాం దగ్గర హుమా ఉప్పుమడుల్లోనూ తెలుపు నుంచి వెలుతురు తిరిగి కొడుతుంది కాబట్టి పైకి, ఎఫ్/22కి.

ఇంటి లోపలికొస్తే వెలుతురు ఒక్కసారిగా పడిపోతుంది. మన కన్ను సర్దుకుంటుంది గనక ఆ పతనం మనకు తెలియదు. బరంపురంలో పట్టుచీర నేసే ఇంటినే తీసుకుందాం. గుంటమగ్గం మీద కూర్చున్న నేతగాడికి ఒక పక్క కిటికీ. కిటికీ వైపు చెంప వెలుగుతుంటుంది, ఇవతలి చెంప దాదాపు నల్లగా ఉంటుంది. ఆ కిటికీ వెలుతురులో 400 రీలుతో ఎఫ్/2.8, 1/125 దగ్గరికి వస్తారు. చేతులు నిలకడగా వస్తాయి, నాడె మాత్రం గీతలా సాగుతుంది. ఆ సాగడమే ఆ ఫోటోకు ప్రాణం. అదే చోట 100 రీలయితే 1/30కి దిగాలి, చేతులూ మసకబారతాయి. మీ దగ్గరున్నది ఎఫ్/3.5 జూమ్ అయితే 400తో కూడా 1/125 రాదు, 1/60 దగ్గర ఊపిరి బిగబట్టి తీయాలి. కాబట్టి 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు ఉన్నవాళ్ళకు 400, జూమ్ మాత్రమే ఉన్నవాళ్ళకు 800 అని నా తీర్పు. రెండు స్టాపులు ఎక్కువ తెరుచుకునే లెన్సు ఉంటే రెండు స్టాపులు వేగమైన ఫిల్ము కొనక్కర్లేదు. లెన్సు ఖర్చు ఒకసారే, వేగం రీలు ఖర్చు ప్రతిసారీ.

పర్లాకిమిడి కొమ్ము పనివాళ్ళ దగ్గర మరో సంగతి ఉంది. పశువుల కొమ్మును వేడి చేసి, వంచి, చెక్కి కొంగలూ రొయ్యలూ చేస్తారు. చాలామంది గుమ్మం దగ్గర కూర్చునే పని చేస్తారు, అక్కడ వెలుతురు మగ్గం ఇంటికంటే మెరుగు. పైగా మెరుగు పెట్టిన కొమ్ము నిగనిగలో సన్నని గీతలుంటాయి. దగ్గరగా తీసేటప్పుడు ఆ గీతలు దక్కాలంటే 100 లేదా 125 రీలు, ఒక ట్రైపాడ్. కొమ్ము కదలదు కదా, షట్టరు 1/8 అయినా నష్టం లేదు.

మూడో మెట్టు: కదలికా, చేతి వణుకూ

చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టరు కనీస వేగం లెన్సు పొడవుకు తగ్గట్టు ఉండాలి. 50 ఎంఎంకి 1/60, 135 ఎంఎంకి 1/125 కంటే పైనే. ఇది మీ చేతి వణుకుకు మాత్రమే మందు. ఎదుటివాళ్ళ కదలికకు వేరే లెక్క. నడిచే మనిషికి 1/125, ధింసా ఆడే ఆడవాళ్ళ వరసకు 1/250, అలను చీల్చుకుంటూ దిగే పడవకు 1/500.

ఈ రెండు మెట్లనూ కలిపితే రీలు తేలిపోతుంది. కావలసిన షట్టరు, లెన్సు ఇచ్చే ఎపర్చరు, అక్కడి వెలుతురు. మూడూ పెట్టాక మిగిలే ఖాళీని స్పీడు నింపాలి. ఇంట్లో ఫోనులో ఒక లైట్ మీటరు యాప్ వేసుకుని, ఐఎస్ఓ 400 పెట్టి, పూజగదిలో, వంటింట్లో, అరుగు మీద, వీధి దీపం కింద ఏం చూపిస్తోందో ఒక సాయంత్రం రాసుకోండి. ఆ కాగితం మీకు ఏళ్ళ తరబడి పనికొస్తుంది.

మన వైపు వెలుతురులో

తీరం. గోపాల్‌పూర్‌లోనూ, ఆ పక్క పల్లెల్లోనూ తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. పొద్దున్నే పడవలు ఒడ్డుకు చేరేటప్పుడు సూర్యుడు సముద్రం మీదే ఉంటాడు, అంటే ఎదురు వెలుతురు. సూర్యోదయానికి ముందు అరగంట కావాలంటే 400 వెయ్యండి. ఎనిమిది దాటాక వెళ్ళేవాళ్ళకు 100 గానీ 200 గానీ చాలు. మిట్టమధ్యాహ్నం అక్కడ 400 వేస్తే ఏమవుతుందో చెబుతాను. కె1000లో షట్టరు 1/1000 పెట్టినా ఎపర్చరు ఎఫ్/11 నుంచి ఎఫ్/16 మధ్య ఇరుక్కుపోతుంది. వలలు బాగుచేసుకునే పెద్దాయన ముఖం తీద్దామంటే వెనకున్న పడవలూ, తాళ్ళూ, ప్లాస్టిక్ డబ్బాలూ అన్నీ ముఖమంత స్పష్టంగా వచ్చి మీద పడతాయి. 100 రీలయితే ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 దగ్గరికి రావచ్చు, వెనకది కాస్త కరుగుతుంది. ఇసుక తెలుపు మీటరును మోసం చేస్తుంది కాబట్టి మీటరు చెప్పినదానికంటే ఒక స్టాప్ ఎక్కువ ఇవ్వండి.

ఋషికుల్య ముఖద్వారం దగ్గర ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుంపులుగా గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఎక్కువగా రాత్రిపూట. అక్కడ ఏ స్పీడు రీలూ చాలదు, ఫ్లాష్ వెయ్యకూడదు, టార్చీ వెయ్యకూడదు. వెలుతురు తాబేళ్ళను బెదరగొడుతుంది, పిల్లల దారి తప్పిస్తుంది. అటవీశాఖవాళ్ళ అనుమతితో, వాళ్ళు చెప్పిన దూరంలో ఉండి, తెల్లవారాక ఇంకా ఒడ్డున మిగిలిన వాటిని 400తో తీయండి. రాత్రి కెమెరా సంచిలోనే ఉండాలి.

బరంపురం రాత్రి. రెండేళ్ళకోసారి చైత్రంలో వచ్చే ఠాకురాణి యాత్రలో ఘటాల ఊరేగింపు, వేషాలు చూడాల్సింది చీకటి పడ్డాకే. దీపాలున్న వీధిలో ఐఎస్ఓ 100కి ఎఫ్/2, 1/30 అనుకోండి. 400 రీలుతో ఎఫ్/2, 1/125 వస్తుంది. ఎఫ్/2 దగ్గర, కదిలే జనంలో, చేత్తో ఫోకస్ చేయడం కష్టం. నా మాటగా చెప్పాలంటే ఇక్కడ బ్లాక్ అండ్ వైట్ 400 రీలును 1600గా తీసి పుష్ చేయించడం, అంటే ఎక్కువసేపు కడిగించడం, అన్నిటికంటే మేలు. ఎఫ్/4, 1/125 వస్తుంది, ఫోకస్‌కు కాస్త వెసులుబాటు దొరుకుతుంది, రంగురంగుల బల్బుల గందరగోళం నుంచీ తప్పించుకుంటారు. కలరే కావాలంటే పోర్ట్రా 800. పగటి వెలుతురుకు చేసిన కలర్ ఫిల్ము పసుపు బల్బుల కింద నారింజ రంగుకు తిరుగుతుంది, నీలం పొరకు వెలుతురు అందదు. అందుకని అలాంటి చోట మీటరు కంటే ఒక స్టాప్ ఎక్కువ ఇవ్వాలి. అంటే చేతిలో ఉన్న 800 నిజానికి 400లా పనిచేస్తుంది. ఇది ముందే లెక్కలో వేసుకోండి.

కొండలు. మహేంద్రగిరి 1,501 మీటర్లు, దేవమాలి 1,672 మీటర్లు. వానల్లో అడవి నీడలో 400 రీలుకు ఎఫ్/4, 1/125 దగ్గర ఉంటారు. 200 అయితే ప్రతి ఫోటోకూ షట్టరు గురించి దిగులు పడాలి. ఆ కాలంలో 400కి తక్కువ వద్దు. మంచు తెరల సంగతి మాత్రం తిరగబడుతుంది. గ్రెయిన్ ఎక్కడ బాగా కనిపిస్తుందంటే ఒకే రంగులో పరుచుకున్న బూడిద వర్ణంలో. మంచు కప్పిన లోయంతా అదే. కాబట్టి శిఖరం మీద తెల్లవారుజామున పొగమంచు తీసేవాళ్ళు 100 లేదా 160 రీలు, ట్రైపాడ్ తీసుకెళ్ళండి. మంచు కూడా ఇసుకలాగే మీటరును మోసం చేస్తుంది, ఒక స్టాప్ పెంచండి.

కొండ సంతల్లో ఆదివాసీల ఫోటోలు అడగకుండా తీయకండి. 400 రీలుతో, 50 ఎంఎంతో దగ్గరికి వెళ్ళి, పలకరించి, ఒప్పుకుంటేనే తీయండి. దూరం నుంచి దొంగతనంగా తీయడానికి పొడుగు లెన్సూ వేగం రీలూ కొనడం నాకు ఏమాత్రం నచ్చని పని.

రాయగడ మజ్జిగౌరమ్మ గుడికి ఆదివారాలు శ్రీకాకుళం, విజయనగరం నుంచి కూడా జనం వస్తారు. బయట క్యూ ఎండలో, మండపం నీడలో. ఒకే రీలుతో రెండూ కావాలంటే 400 వెయ్యండి. గర్భగుడిలో కెమెరా సంగతి గుడివాళ్ళనే అడగండి.

ఫ్లాష్ ఉంటే

రాత్రి ముహూర్తం పెళ్ళికి వేగం రీలు తప్పనిసరి అనుకుంటారు. ఫ్లాష్ ఉంటే అవసరం లేదు. ఫ్లాష్ గైడ్ నంబరును (దాని శక్తిని చెప్పే అంకెను) ఎపర్చరు ఎఫ్ అంకెతో భాగిస్తే అది చేరే దూరం వస్తుంది. ఐఎస్ఓ 100కి గైడ్ నంబరు 20 అయితే ఎఫ్/4 దగ్గర 5 మీటర్లు. 400 రీలుతో అది రెట్టింపై 10 మీటర్లు. ఇంటి పెళ్ళికి 200 చాలు, పెద్ద కల్యాణ మండపానికి 400. షట్టరును కెమెరా సింక్ వేగం (ఫ్లాష్‌తో కలిసి పనిచేసే అత్యధిక వేగం) దాటనివ్వకండి, కె1000లో అది 1/60.

రీలు రకం

కలర్ నెగటివ్ ఎక్కువ వెలుతురును క్షమిస్తుంది, తక్కువ వెలుతురును క్షమించదు. రెండు స్టాపులు ఎక్కువైనా ఫోటో దక్కుతుంది, ఒక స్టాప్ తక్కువైతే నీడలు బురదలా మారతాయి. అందుకే చాలామంది 400 రీలు వేసి మీటరును 200 దగ్గర పెడతారు, కడిగించడం మామూలుగానే. మంచి అలవాటు. రోజువారీ వాడకానికి కోడక్ గోల్డ్ 200 గానీ, కలర్‌ప్లస్ 200 గానీ, కాస్త వేగం కావాలంటే అల్ట్రామ్యాక్స్ 400. ఎండలో రంగు నిండుగా, గ్రెయిన్ సన్నగా కావాలంటే ఎక్టార్ 100.

బ్లాక్ అండ్ వైట్‌లో ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్, కోడక్ ట్రై-ఎక్స్ రెండూ 400. 800 దాకా, 1600 దాకా పుష్ చేసినా నిలబడతాయి. పుష్ అంటే ఫిల్ము స్పీడు నిజంగా పెరగడం కాదు. తక్కువ వెలుతురు పడిన రీలును ఎక్కువసేపు కడగడం. వెలుగు భాగాలు లేస్తాయి, నల్లటి నీడల్లో ఏమీ పడలేదు కాబట్టి అవి నల్లగానే మిగులుతాయి. డెల్టా 3200, టీమ్యాక్స్ పీ3200 డబ్బాల మీది అంకె కూడా ఇలాంటిదే, వాటి అసలు స్పీడు దాదాపు 1000 చుట్టూ ఉంటుంది. పుష్ చేయడానికి అనువుగా తయారుచేసినవి అవి.

స్లైడ్ ఫిల్ము అర స్టాప్ తప్పును కూడా చూపిస్తుంది. మీటరు మీద నమ్మకం కుదిరాకే కొనండి.

రీలు ఎక్కించేటప్పుడు

రీలు ఎక్కించిన వెంటనే ఐఎస్ఓ చక్రం తిప్పండి, తరువాత చూద్దాంలే అనుకోవద్దు. ఆటోమేటిక్ కెమెరాలు రీలు డబ్బా మీది డీఎక్స్ గళ్ళను చదివి స్పీడు తామే పెట్టుకుంటాయి. 1983లో కోడక్ తెచ్చిన పద్ధతి ఇది. గళ్ళు లేని రీలు వేస్తే చాలా కెమెరాలు 100 అనుకుంటాయి, కొన్ని చవక కెమెరాలు 100, 400 తప్ప వేరేవి గుర్తించవు. కెమెరా మాన్యువల్ చూసి వేయండి.

పాత స్టూడియోల్లో గడువు తీరిన రీళ్ళు దొరుకుతుంటాయి. ఊటీ హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళ 'ఇందు' రీళ్ళు కూడా అప్పుడప్పుడు బయటపడతాయి. గడువు దాటిన ప్రతి పదేళ్ళకూ ఒక స్టాప్ ఎక్కువ ఇవ్వడం వాడుకలో ఉన్న కొలత. వేగం రీళ్ళు త్వరగా పాడవుతాయి, కాబట్టి పాత 800 కంటే పాత 100 నయం. పెళ్ళిళ్ళకూ పండగలకూ వీటిని వాడకండి.

వేడి, తేమ, ఎక్స్‌రే

మే నెలలో కారు డాష్‌బోర్డు మీద రీలు పెడితే రంగులు దెబ్బతింటాయి. ఫ్రిజ్‌లో గాలి చొరని డబ్బాలో ఉంచండి. తీశాక కనీసం గంట, తీరప్రాంతపు ఉక్కలో రెండు గంటలు ఆగి సీలు విప్పండి, లేకపోతే ఫిల్ము మీద తేమ పడుతుంది. విమానాశ్రయాల్లోని కొత్త సీటీ స్కానర్లు ఏ స్పీడు రీలునైనా పాడుచేయగలవు. పాత రకం ఎక్స్‌రే యంత్రం 100, 400 రీళ్ళను ఒకటి రెండుసార్లకు పెద్దగా ఏమీ చేయదు, 800 పైన ఉన్నవాటికి ముప్పు ఎక్కువ. రైల్వేస్టేషన్లో సంచి స్కానర్ దగ్గరా ఇదే జాగ్రత్త. రీళ్ళను పారదర్శకమైన సంచిలో వేరుగా ఉంచి, చేత్తో చూడమని మర్యాదగా అడగండి.

ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ కడిగేవాళ్ళకు మన ఎండాకాలం ఒక చిక్కు. కాలపట్టికలు ఎక్కువగా 20 డిగ్రీలకు రాసి ఉంటాయి, కుళాయి నీళ్ళు అంతకంటే చాలా వేడి. ఐసు ముక్కలున్న పళ్ళెంలో డెవలపర్ సీసా నిలబెట్టి, థర్మామీటరు చూస్తూ దించండి. 24 డిగ్రీలకు వేరే సమయం పట్టికలోనే ఉంటే దాన్ని పాటించండి. పుష్ చేసిన రీలుకు ఎక్కువసేపు కడగాలి కాబట్టి ఉష్ణోగ్రత తప్పితే తేడా మరింత పెద్దదవుతుంది.

బయటి ల్యాబుకు కొరియర్లో పంపేటప్పుడు రీలు డబ్బా మీదే మార్కర్ పెన్నుతో రాయండి: డబ్బా స్పీడు ఎంత, మీరు తీసింది ఎంతకు, పుష్ కావాలా వద్దా. 400 రీలును 200గా తీస్తే "మామూలుగా కడగండి" అనీ, 1600గా తీస్తే "రెండు స్టాపులు పుష్" అనీ. కాగితం ముక్క కవరులో వేస్తే అది రీలు నుంచి విడిపోవచ్చు, డబ్బా మీది రాత విడిపోదు.